జొన్నరొట్టె, ఒక్క గీత

మానుకోట ఆస్పత్రిలో నాకు ఇంకో పేరు ఉండేది. ‘తినొద్దనే మేడం.’ ఆ పేరు పెట్టింది మా అటెండర్ భాయ్. చీటీ పట్టుకుని వచ్చినవాళ్లను నా గదికి పంపేటప్పుడు, “గా ఎడమచెయ్యి దిక్కు పోవాలె, తినొద్దనే మేడం ఉంటది” అని దారి చూపేవాడు. నేను విన్నానని తెలిసినా తగ్గేవాడు కాదు. రంజాన్ పండగకు మాత్రం ఇంటి నుంచి డబ్బా నిండా తియ్యటి షీర్ ఖుర్మా తెచ్చి నా బల్ల మీద పెట్టి, “మీరు తినుర్రి మేడం, నేను ఎవ్వలకు చెప్ప” అనేవాడు. నేను తలుపు దగ్గరికి వేసుకుని తినేదాన్ని. బయట షుగరు పేషెంట్లు వరుసగా బెంచీల మీద కూర్చుని ఉండేవారు.

ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడమే నా ఉద్యోగం. జనగామలో మొదలుపెట్టి, భూపాలపల్లిలో కొన్నేళ్లు చేసి, మానుకోటలో రిటైరై దిగిపోయాను. జనగామలో చేరినప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బక్కచిక్కిన పిల్లల తల్లులు. భూపాలపల్లిలో బొగ్గుబావుల్లో పనిచేసి షుగరు తెచ్చుకున్న మగవాళ్లు. మానుకోటకు వచ్చేసరికి నా గది ముందు కొత్త వరుస మొదలైంది. నెల సరిగా రాని అమ్మాయిలు, పెళ్లయి పిల్లలు కాని కోడళ్లు. చీటీ మీద డాక్టరమ్మ పీసీవోడీ అని రాసేది. వాళ్లు మాత్రం “కడుపుల నీటిబుడగలు ఉన్నయట మేడం” అని చెప్పుకునేవారు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. మీ సర్వీసులో బాగా సక్సెస్ అయిన కేసు ఒకటి చెప్పండి మేడం అంటారు. చెప్పుకోవడానికి అలాంటివి లేకపోలేదు. కానీ వాళ్లు అడిగిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది వేరే పిల్ల. నా మాట విననివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను మరిచిపోయాను. ఈ పిల్ల నేను చెప్పినదల్లా చేసింది.

కేసముద్రం దగ్గరి ఒక తండా వాళ్లది. పెళ్లయి నాలుగేళ్లు. గడ్డం కింద మొలిచిన వెంట్రుకలు కనబడకుండా కొంగును చెంపల దాకా లాక్కుని వచ్చి నా ముందు కూర్చుంది. వెంట అత్త వచ్చింది. తండాలో ఆమెను అందరూ యాడి అంటారు, వాళ్ల భాషలో అమ్మ అని. నేనూ అలాగే పిలిచేదాన్ని.

నేను కోడలిని అడుగుతుంటే యాడి జవాబు చెప్పేది.

“కడుపుల బుడగలున్నయని స్కానింగుల పడ్డది మేడం. సూదితోటి పటుక్కున పొడిస్తే పోవా?”

“పోవు యాడీ. అవి పొడిచే బుడగలు కావు. తిండితోని, తిరుగుడుతోని, డాక్టరమ్మ ఇచ్చే గోలీలతోని మెల్లగ దారికొస్తయి.” కోడలి వైపు తిరిగాను. “పొద్దుగాల ఏం తింటవు బిడ్డా?”

“అన్నం.”

“పగటికి?”

“అన్నమే.”

“రాత్రికి?”

ఆ పిల్ల అత్త ముఖం చూసింది. యాడికి కోపం వచ్చేసింది. “ఏంది మేడం గట్ల అడుగుతవు? మా ఇంట్ల అన్నానికి కరువనుకున్నవా?”

కరువు కాదని, ఆ అన్నమే ఎక్కువవుతున్నదని చెప్పాను. అన్నం తిన్నప్పుడు ఒంట్లో ఇన్సులిన్ అనే రసం ఊరుతుంది. కొందరి ఒంట్లో ఆ రసం సరిగా పనిచేయక అవసరానికి మించి ఊరుతుంది. దానివల్ల గుడ్డు పండదు, గుడ్డు పండకపోతే నెల రాదు. నాకు చేతనైనంత తేటగా ఇంతవరకు చెప్పి, ఒక పూట అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టమన్నాను. పప్పు, ఆకుకూర, కోడిగుడ్డు కూడా ఇవ్వమన్నాను. చాయలో చక్కెర తగ్గించి, పొద్దున పూట నడవమన్నాను. ఏ పూటా పస్తు మాత్రం ఉండొద్దని గట్టిగా చెప్పాను.

యాడికి వీటిలో ఒక్క మాటే చెవిన పడింది.

“రొట్టెనా? మేం గుట్టలపొంటి గొడ్లెంబడి తిరిగినప్పుడు రొట్టె తిన్నం మేడం. ఎర్రకారం నూరుకోని రొట్టె తిన్నం. పెండ్లి పబ్బమైతెనే అన్నం మొఖం సూసినం. ఇయ్యాల రెండు పంటలు వడ్లు పండిస్తున్నం. ఇంటినిండ వడ్లు పెట్టుకోని కోడలికి రొట్టె పెట్టిందంటే తండా తండా నా మొఖాన ఉమ్మెయ్యదా?”

నా దగ్గర అచ్చు వేయించిన చార్టు ఒకటి ఉండేది. దానిలో ఓట్సు, గ్రీన్ టీ లాంటివన్నీ ఉండేవి గానీ ఈ ప్రశ్నకు జవాబు లేదు. తలుపు దగ్గర నిలబడిన భాయ్ నన్ను ఆదుకోవాలని చూశాడు. “అవ్వా, మా ఇంట్ల నేను గుడ రాత్రికి జొన్నరొట్టెనే తింట. నాకు షుగరున్నది.”

“నీకు షుగరున్నది, దానికి పిల్లల్లేరు. రెండూ ఒక్కటేనా?”

భాయ్ చీటీలు సర్దుకుంటూ బయటికి పోయాడు. చిత్రమేమంటే, రెండింటికీ దగ్గరి చుట్టరికమే ఉందన్న సంగతి నేను ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. కోడలి రెక్క పట్టుకుని లేపుకుపోయింది.

ఇక వాళ్లు రారనే అనుకున్నాను. కానీ ఆ పిల్ల మళ్లీ వచ్చింది, ఈసారి మొగుడి ట్రాలీ ఆటోలో. మిర్చి బస్తాలు, వడ్ల బస్తాలు మార్కెట్‌కు తోలుతుంటాడు అతను. మాట తక్కువ మనిషి. భార్యను నా గది దాకా తెచ్చి వదిలి, బయట వేపచెట్టు కింద నిలబడేవాడు.

“రొట్టె తింటున్నవా?” అన్నాను.

పిల్ల మొదటిసారి నవ్వింది. “చేసుడు రాకపాయె మేడం. పిండి కలిపి కొడితే పలిగిపాయె. మూడు పూటలు గట్లనే అయింది. నాలుగో పూట యాడికి పాణం ఒప్పలే. పిండంత ఖరాబు చేస్తున్నవని నన్ను పక్కకు నూకి ఆమెనే కూసున్నది.”

“మంచిదే గదా.”

“తలుపు పెట్టుకోని చేస్తది మేడం. రొట్టె కొట్టే సప్పుడు బయటికి పోతదని.”

ఆ మాటకు నేను ఎంతసేపు నవ్వానో. ముసలామె తలుపు మూసుకుని, పొయ్యి ముందు చెమటలు కక్కుతూ, తండాకు వినబడకుండా రొట్టె కొట్టడం నా కళ్ల ముందు కనబడింది. కానీ వేడి రొట్టె వాసన తలుపులకు ఆగుతుందా? పక్కింటి ముసలమ్మలు ఒక్కొక్కరే వాసన పట్టి వచ్చి, నాకొక్కటి పెట్టరాదే, తిని ఎన్నేండ్లాయెనో అని గడపలో కూర్చోవడం మొదలుపెట్టారట. ఆ తర్వాత యాడి తలుపు తెరిచే చేసేది. మొగుడు, మామ కూడా రాత్రిపూట రొట్టెకే వచ్చేశారు. కోడలు ఒక్కదానికే వేరే వంట అన్నది లేకుండా పోయింది. ఇది నా గొప్పతనం కాదు. ముసలామె పిండి దండగ కావడం చూడలేకపోయింది, అంతే.

ఎండలు పోయి, వానలు పోయి, సీతాఫలాలు వచ్చేసరికి ఆ పిల్ల నడుము తగ్గింది. ముఖం తేటపడింది. గోలీ లేకుండా నెల తనంతట తానే రావడం మొదలైంది. ఒకరోజు బుట్టెడు సీతాఫలాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “నేను ఒక్కటే తిన్న మేడం, ఒట్టు” అంది. పండ్లు కూడా లెక్కతో తినమన్నది నేనే. భాయ్ ఆ బుట్టను తన ఇంటికి మోసుకుపోయాడు. మా డాక్టరమ్మ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. ఆమె కూడా రిపోర్టులు చూసి, “ఇట్లనే ఉంటే ఆశ ఉంది” అంది. ఆ ‘ఆశ’ అనే మాటను ఆ పిల్ల కొంగున కట్టుకుని పోయినట్టు పోయింది.

ఆరోజే నేను ఇంకో మాట చెప్పాను. “ఇగ నుంచి ఎప్పుడన్న నెల తప్పితే పరేషాన్ గాకు. జబ్బు తిరగబెట్టిందని అనుకోకు. ముందు మెడికల్ షాపుల కిట్టు తెచ్చుకోని కడుపున్నదేమో చూసుకో.”

ఆమె ముఖంలో నవ్వు పోయింది. “కిట్టు వద్దు మేడం.”

“ఎందుకు?”

 తల వంచుకుని చెప్పింది. “నాలుగేండ్ల సంది నెల ఆగినప్పుడల్ల ఆయన కిట్టు తెచ్చేది. నేను లోపటికి పోతే బయట యాడి నిలబడ్తది, ఆయన నిలబడ్తడు. ఒక్క గీతనే పడ్తది. ఇంకో గీత వస్తదేమోనని గట్లనే సూసుకుంట కూసుంట. బయటికి రాబుద్ధి గాదు. తలుపు తీస్తే నా మొఖం సూసి వాళ్లకు ఎర్కయితది. ఏం అనరు మేడం, ఒక్క మాట అనరు. గదే నాతోని గాదు. గా ఒక్క గీతను నేను మళ్ల సూడలేను.”

సరే, అయితే నా దగ్గరికి రా, ఇక్కడే రక్తపరీక్ష చేయిద్దాం, నీకంటే ముందు నేనే చూస్తాను అన్నాను. తలూపింది. ఆ తలూపుడు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

మిర్చి ఏరే కాలంలో ఒక పొద్దున భాయ్ నా గదిలోకి వచ్చాడు. “మేడం, మీ రొట్టె పిల్ల వచ్చింది. లేడీస్ వార్డుల పండవెట్టిండ్రు.” ఎప్పుడూ వెంట ఒక ఎకసెక్కం ఉండే మనిషి, ఈసారి నాకోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను లేచి పరుగెత్తాను.

వార్డు బయట మొగుడు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. యాడి నేల మీద కూర్చుంది. లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

“కడుపు పోయింది. రెండో నెల దాటింది. పిల్ల ప్రాణానికి ఏం భయం లేదు. కానీ కడుపుతో ఉన్న సంగతే తనకు తెలియదట.”

“తెలియకపోవడం ఏంటి మేడం?”

“నువ్వే అడుగు.”

మంచం మీద ఆ పిల్లను చూసి నేను గుర్తుపట్టలేకపోయాను. నేను తగ్గమన్నదానికంటే ఎంతో తగ్గిపోయింది. మెడ కింద ఎముకలు తేలాయి. నన్ను చూడగానే దాచిపెట్టిన తప్పేదో బయటపడ్డట్టు మొదలుపెట్టింది. ఆడబిడ్డ పెళ్లి జరిగిందట. పెళ్లి ఇంట్లో ఉన్నన్నాళ్లూ అన్నం తిన్నదట, మటన్ తిన్నదట, లడ్డూలు తిన్నదట. “మనసునిండ తిన్న మేడం. యాడి గుడ ఏమనలే, పెండ్లిల కడుపునిండ తిననీ అన్నది.” ఆ తర్వాత నెల ఆగింది.

“తిండితోని నేనే చెడగొట్టుకున్న అనుకున్న. బుడగలు మళ్ల వచ్చినయనుకున్న. ఏ మొఖం పెట్టుకోని మీ దగ్గరికి రావాలె?”

అందుకని తనకు తానే శిక్ష వేసుకుంది. రోజుకు ఒక్క రొట్టె. పొద్దంతా ఎండలో మిర్చి ఏరడం, పొద్దూకినాక చెరువుకట్ట మీద నడక. వాంతులవుతుంటే ఖాళీ కడుపుకు అవుతున్నాయని అనుకుంది. ఒళ్లు తూలుతుంటే బరువు తగ్గుతున్నదని సంతోషపడింది. ఇంట్లో అడిగితే మేడమే ఇట్ల తినుమన్నది అని చెప్పిందట. నా పేరు చెబితే యాడి ఎదురు మాట్లాడలేదట.

ఏ పిల్ల అయినా నెల తప్పితే ముందు కడుపేమో అనుకుంటుంది. ఏళ్ల తరబడి ఈ జబ్బుతో ఉన్న పిల్లకు ఆ ఆలోచన చివరగా కూడా రాదు. అన్నాళ్లు దేనికోసం ఎదురుచూసిందో అది ఒంట్లోకి వచ్చి కూర్చుంటే, దాన్ని జబ్బు అనుకుని ఎండబెట్టింది. 

“మేడం,” అంది ఆ పిల్ల. “నేను తిన్నందుకు పోయిందా, తిననందుకు పోయిందా?”

“రెంటికీ కాదు బిడ్డా.”

నా వెనకే ఉన్న డాక్టరమ్మ కూడా చెప్పింది. “మొదటి నెలల్లో ఒక్కోసారి నిలబడదమ్మా. ఈ జబ్బున్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. ఎందుకు పోయిందో మేము కూడా చెప్పలేం. నీ తప్పు అనుకోకు.”

ఆ పిల్ల డాక్టరమ్మ మాట మొత్తం విన్నది. విని, మళ్లీ నా వైపే తిరిగింది.

“తిండితోనే బాగైతదని మీరే చెప్పిండ్రు గద మేడం. బాగైంది గుడ. మరి బాగు చేసింది తిండి అయితే, ఖరాబు చేసింది తిండి ఎందుకు గాదు?”

నేను చదివిన చదువులో దీనికి జవాబు ఉంది. అక్కడ నిలబడి అది చెప్పడానికి నా నోరు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వేళ్లకు ఇంకా మిరపకాయ ఘాటు అంటుకునే ఉంది. పేషెంటు ముందు ఏడవకూడదని ఎంతమంది జూనియర్లకు చెప్పి ఉంటానో. నేనే ఏడ్చాను. డాక్టరమ్మ సెలైన్ బాటిల్ చూస్తున్నట్టు అటు తిరిగింది.

అప్పుడు యాడి లోపలికి వచ్చింది. చేతిలో స్టీలు టిఫిను. మూత తీస్తే అన్నం, పప్పు, పైన నెయ్యి. “తిను. ఇంగ ఎవ్వల మాట ఇనకు, అన్నం తిను” అంటూ నన్ను చూసింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే ఆ పిల్ల పెదవులు విప్పలేదు. ముసలామె కాసేపు అలాగే పట్టుకుని ఉంది. “రొట్టె చేసుకరావాల్నా? రొట్టె తింటవా? చెప్పు, ఇప్పుడే పోయి చేసుకొస్త” అంది. ఆ పిల్ల ముఖం అటు తిప్పుకుంది.

యాడి టిఫిను తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. “నువ్వు చెప్పు మేడం. నీ మాటనే ఇంటది. తినుమని చెప్పు.”

నేను తినొద్దనే మేడాన్ని. ఆ మంచం అంచున కూర్చుని, ముద్ద కలిపి, తిను తల్లీ, ఒక్క ముద్ద తిను, నీకు దండం పెడతాను అని బతిమాలాను. చాలాసేపటికి నోరు తెరిచింది. “మీరన్నరని తింటున్న” అంది. రెండు ముద్దలు తిన్నది. మూడోది వద్దంది.

ఇంటికి పంపించాక ఆమె మళ్లీ ఆస్పత్రికి రాలేదు. నేను ఆమె మొగుడికి రెండు మూడుసార్లు ఫోన్ చేశాను. “రానంటున్నది మేడం” అనేవాడు, నెమ్మదిగా, ఏదో తనదే తప్పన్నట్టు. ఆ తర్వాత కొద్ది నెలలకే నేను దిగిపోయాను. వీడ్కోలు నాడు శాలువా కప్పారు, ఎందరి ఇళ్లల్లోనో దీపం పెట్టానని మైకులో అన్నారు. పండగ కాకపోయినా భాయ్ ఇంట్లో చెప్పి షీర్ ఖుర్మా చేయించి తెచ్చాడు. ఆరోజు తలుపు వేసుకోవాల్సిన పని లేదు. అయినా ఒక్క చెంచా తిని మూత పెట్టేశాను.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను పెద్ద నీతులు చెప్పేదేమీ లేదు. మనం చెప్పే తిండి పనిచేస్తుంది. ఈ జబ్బులో నిజంగా పనిచేస్తుంది, అందులో అనుమానం పెట్టుకోకండి. కానీ నీ బాగు నీ కంచంలోనే ఉందని చెప్పిన ప్రతిసారీ, నీ చెడు కూడా నీ కంచంలోనే ఉందని ఆ పిల్లకు వినబడుతుంది. అందుకని ఆమెతో ఇంకొంచెం సేపు కూర్చోండి. చాలా సంగతులు ఎవరి చేతిలోనూ ఉండవని కూడా చెప్పండి. చెప్పినా వినబడుతుందన్న నమ్మకం నాకైతే లేదు.

మొన్న వడ్లు వచ్చే రోజుల్లో భాయ్ బిడ్డ పెళ్లికి కేసముద్రం వెళ్లాను. దావత్ తిని స్టేషన్‌కు నడుస్తుంటే, మార్కెట్ యార్డులో వడ్ల కుప్ప పక్కన గోనెసంచి మీద కూర్చున్న ముసలామె నన్ను కేకేసింది. యాడి. మునుపటికంటే చిన్నగా అయిపోయింది. పక్కన చోటు చూపించి కూర్చోమంది.

“ఎట్ల ఉన్నది మీ కోడలు?” అన్నాను.

“ఉన్నది. రొట్టె మానలే. ఇప్పుడు నాకంటే మంచిగ కొడ్తది.” కుప్పలోంచి పిడికెడు వడ్లు తీసి మళ్లీ కుప్ప మీదే రాల్చింది. “తండాల ఏ పొల్లకు నెల తప్పినా ఇదే ఎంబడి తోలుకపోయి కిట్టు కొనిపిస్తది మేడం. ఫస్టు గది సూడు, తర్వాతనే ఏదైనా అంటది. తలుపు కాడ నిలబడి, సూసిందాక ఇడిచిపెట్టది.”

“మరి తనకు?”

యాడి అటూ ఇటూ చూసి, రొండిన చెక్కుకున్న చిన్న సంచి తాడు విప్పింది. వక్కలు, పొగాకు మధ్య నుంచి ఒక కిట్టు తీసింది.

“తనకు కొనదు. నెల జర ఆలిశమైతే నేనే దిండు కింద పెడ్త. ఏం అన, అడుగ. నిలబడ గుడ నిలబడ. తెల్లారి సూస్తే ఇప్పకుంట గట్లనే ఉంటది. మళ్ల తీసి దాసిపెడ్త. పాతది తారీకు అయిపోయిందని మా పెద్దబిడ్డ కూతురు సదివి చెప్పింది. ఇయ్యాల మార్కెట్‌కు వచ్చిన గద, కొత్తది కొన్న. షాపుల పోరడు, ముసల్దానివి నీకెందుకే అని నవ్విండు.”

కిట్టును నా చేతిలో పెట్టింది. “జర సూసి చెప్పు మేడం. ఇది ఎన్నొద్దులు ఆగుతది, ఖరాబు గాకుంట?”

అద్దాలు పెట్టుకుని, దాని అంచున సన్నగా అచ్చు వేసిన తేదీని వెలుగుకు పట్టి చదివాను. అక్షరాలు కాసేపు అలుక్కుపోయాయి. తుడుచుకుని మళ్లీ చదివాను.

“ఇంకా చాలా రోజులు ఆగుతుంది యాడీ.”

“అయితే మంచిదే,” అని దాన్ని తీసుకుని, మళ్లీ సంచిలో పెట్టుకుని తాడు బిగించింది.